ఉప్పు కట్టిన ముక్కు

ప్రతి ఏడాదీ నవంబరులో నేను ఇంకా బతికే ఉన్నానని ప్రభుత్వం వారికి రుజువు చూపించుకోవాలి. పెన్షను తీసుకుంటున్న నా ఈడు వాళ్ళకి ఈ సంగతి విడమరిచి చెప్పనక్కర్లేదు. వెనకటికి ఒక కాగితం మీద సంతకం పెట్టి, బ్యాంకులో తెలిసిన ముఖం ఎదుట కాసేపు కూర్చుని వస్తే సరిపోయేది. ఇప్పుడు యంత్రం మీద వేలు పెట్టమంటున్నారు. నా వేళ్ళు ఉద్యోగమంతా ఉప్పు పట్టి చూసిన వేళ్ళు, వాటి మీద గీతలు ఎప్పుడో అరిగిపోయాయి, అందుకని ఈ ఏడాది ఆ యంత్రం నాలుగుసార్లు నన్ను కాదు పొమ్మంది. కౌంటరులోని అమ్మాయి మంచిది, పాత పెన్షను ఉత్తర్వు ఏదైనా ఉంటే పట్టుకురండి చూద్దామంది. అలా టెక్కలిలో ఈ రెండు గదుల ఇంట్లో, మంచం కింది రేకుపెట్టెను చాలా ఏళ్ళ తరవాత బయటికి లాగాను.

ఉత్తర్వు దొరకలేదు కానీ, ట్యాగు కట్టిన ఒక అట్ట ఫైలు దొరికింది. దాని మీద నా గుండ్రటి అక్షరాలతో ‘పక్షులు – ఉత్తర ప్రత్యుత్తరములు’ అని రాసి ఉంది. లోపల ఒక పక్కన, నాకు పిట్టల్ని పోల్చుకోవడం నేర్పిన మాస్టారు రాసిన పోస్టుకార్డులు, ఇంకో పక్కన నేను ఆయనకు రాసిన ఉత్తరాల కార్బను నకళ్ళు. ఇరవై ఏళ్ళు దాటినా ఆ నీలం వెలిసిపోలేదు. నేల మీద చతికిలబడి ఒక నకలు మొదటినుంచి చివరిదాకా చదివాను, మళ్ళీ చదివాను, ఆ పూట మరి బ్యాంకు ముఖం చూడలేదు. అందులోని ఒక్క వాక్యం గురించే ఇదంతా చెప్పబోతున్నాను, అయితే దాని దగ్గరికి చేరాలంటే కాస్త చుట్టూ తిరగాలి. ఉప్పుమడుల మధ్య ఎవరైనా అలాగే నడుస్తారు, గట్టు ఎటు తిరిగితే అటు.

సొంత ఉత్తరాలకు నకలు తీసేవాడు ఎవడని మీరు నవ్వుకోవచ్చు. మా ఆవిడా నవ్వేది. గుమాస్తాగిరీ ఒంటికి పట్టిపోయి, పెళ్ళయిన కొత్తలో పుట్టింట ఉన్న ఆవిడకు రాసిన ఉత్తరాలకు కూడా నేను కార్బను పెట్టేవాణ్ణి. అది తెలిసి, ‘నకలు తీసి దాసుకుంటన్నారేటి, రేపు నానేమైనా కేసెడతాననా?’ అని ఏడిపించేది. ఆవిడది ఉద్దానంలో కొబ్బరితోటల మధ్య ఊరు. ఆ వైపు కిడ్నీలు పాడై మనుషులు ఎలా రాలిపోతారో ఇప్పుడు అందరికీ తెలుసు, మా రోజుల్లో అది ఇన్ని పేపర్లలో పడలేదు. ఒంటికి నీరు పట్టిందనీ, రక్తం తక్కువైందనీ అనుకుంటూ ఉండగానే ఏడాదిన్నరలో ఆవిడ వెళ్ళిపోయింది. పిల్లలు లేరు. పలాసలో అక్కయ్య గారింట కొన్నాళ్ళు ఉండి, వాళ్ళ జాలి భరించలేక, నౌపడ ఉప్పు ఆఫీసులో ఖాళీ ఉందంటే అడిగి మరీ వేయించుకున్నాను. తొంభైల చివరి మాట అది.

నౌపడ జంక్షనే కానీ, అక్కడ ఊళ్ళోకి వెళ్ళడానికి దిగేవాళ్ళకంటే బండి మారడానికి దిగేవాళ్ళే ఎక్కువ. పర్లాకిమిడి వైపు సన్నపట్టాల మీద వెళ్ళే చిన్న బండి అప్పటికింకా నడుస్తూ ఉండేది, దాని కూత వినిపించే దూరంలో నా గది. ఆఫీసు ఉన్న ఆరు రోజులూ ఎలాగో గడిచేవి, ఆదివారమే గండం. పొద్దున లేచింది మొదలు మాట్లాడే మనిషి ఉండేవాడు కాదు, సాయంత్రం టీ కొట్టు దగ్గర మొదటి మాట అనబోతే గొంతు పెగిలేది కాదు, ఒకటికి రెండుసార్లు దగ్గి సర్దుకోవలసి వచ్చేది. ఒంటరితనం అంటే ఏడుపు అనుకుంటారు చాలామంది. నాకు మాత్రం అది ఆదివారం సాయంత్రం పెగలని గొంతు.

ఆ రోజుల్లోనే నేను పిట్టల్ని చూడడం మొదలుపెట్టాను, ప్రేమతో కాదు, చూడడానికి ఇంకేమీ లేక. ఉద్యోగరీత్యా పొద్దున్నే మడుల గట్ల మీద తిరగాలి. దసరా వెళ్ళేసరికి ఆ మడుల్లోకి, భావనపాడు వైపు ఉప్పుటేరు బురదలోకి ఎక్కడెక్కడినుంచో వేల పిట్టలు దిగేవి. దగ్గర్లోనే తేలినీలాపురంలో కొంగలూ గూడబాతులూ చెట్లమీద గూళ్ళు కడతాయి, వాటిని చూడడానికి జనం కార్లు కట్టుకుని వస్తారు. ఈ బురదపిట్టల్ని చూడడానికి మాత్రం ఎవరూ వచ్చేవారు కాదు. రావడానికి ఏముంది, అన్నిటికీ మట్టిరంగు వీపు, తెల్లటి పొట్ట, పొడుగు కాళ్ళు, పొడుగు ముక్కు. మా వైపు అన్నిటినీ కలిపి ఉల్లంకులు అని ఒక్క పేరు పెట్టి ఊరుకున్నారు. నేనూ మొదటి చలికాలమంతా ఒకే పిట్టను వెయ్యిసార్లు చూస్తున్నాననే అనుకున్నాను.

మాస్టారు నాకు ఒక ఆదివారం పేపరు పుణ్యమా అని దొరికారు. ఆయన విశాఖపట్నంలో జంతుశాస్త్రం చెప్పి రిటైరైన లెక్చరరు. వలస పిట్టల మీద ఆయన రాసిన చిన్న వ్యాసం కింద చిరునామా వేశారు. పొద్దుపోక ఒక ఉత్తరం రాశాను, మా మడుల్లో ఉల్లంకులు చాలా ఉన్నాయి, అన్నీ ఒకలాగే ఉన్నాయి, తేడా ఎలా తెలుసుకోవాలో చెప్పగలరా అని, కార్బను పెట్టి మరీ. వారం తిరక్కుండా పోస్టుకార్డు వచ్చింది, చీమల బారులాంటి అక్షరాలతో, అంచుల చుట్టూ కూడా రాసేసి. నెల తరవాత ఆయన పాత దుర్భిణీ రిజిస్టరు పార్సిలులో వచ్చింది. అందులో ఒక గొట్టానికి బూజు పట్టింది, రెండో గొట్టం బాగుంది, కనక నేను ఈ పక్షిశాస్త్రమంతా ఒంటికన్నుతోనే నేర్చుకున్నాను.

ఆ కార్డుల్లో ఆయన చెప్పిన సంగతులు నాకు ఇప్పటికీ నోటికి వస్తాయి. పిచ్చుకంత ఉండే చిన్న ఉల్లంకి రెండు రకాలు. నల్లకాళ్ళది లిటిల్ స్టింటు, పసుపుకాళ్ళది టెమింక్ స్టింటు. కానీ బురదలో నిలబడ్డ పిట్ట కాలి రంగును నమ్మితే నట్టేట మునిగినట్టే, పసుపుకాలు కూడా బురద అంటితే నల్లగానే ఉంటుంది. నల్లకాళ్ళది నిలకడ లేని పిల్లలా పరుగులు పెడుతుంది, పసుపుకాళ్ళది ఎలకలా వంగి మెల్లగా పాకుతుంది, అది చూసి చెప్పాలి. సూదిలాంటి తిన్నటి ముక్కు ఉంటే మార్ష్ శాండ్‌పైపరు, అదే ముక్కు కాస్త లావై చివర పైకి ఎత్తినట్టుంటే గ్రీన్‌షాంకు. బూడిదరంగు ప్లవరూ బంగారు ప్లవరూ నేలమీద కవలలే, ఎగిరితే బూడిదదాని చంకలో మసి పూసినట్టు నల్లటి మచ్చ కనబడుతుంది. ఇలా ఒక్కొక్కటీ చెప్పి, ప్రతి కార్డులోనూ ఏదో ఒక మూల ఒకే మాట రాసేవారు: ముక్కు ఎలా ఉందో చూసి మోసపోకండి, ముక్కుతో ఏం చేస్తోందో చూడండి. రంగు వెలుగును బట్టి మారుతుంది, కొలత దూరాన్ని బట్టి మారుతుంది, బతికే తీరు మాత్రం మారదు అనేది ఆయన సిద్ధాంతం.

మూడు చలికాలాలు అలా గడిచాయి. వారం వారం నేను చూసినవి రాసేవాణ్ణి, ఆయన దిద్ది పంపేవారు. పసుపుకాళ్ళ స్టింటును మొదటిసారి నేనుగా పోల్చుకున్న రోజు, పరీక్ష పాసైన కుర్రాడిలా గట్టు మీద ఒక్కణ్ణీ నవ్వుకున్నాను. శనివారం వచ్చే కార్డును ఆఫీసులో చదవకుండా దాచుకుని ఆదివారం విప్పేవాణ్ణి, పోస్టుకార్డును విప్పడమేమిటని అడక్కండి. ఆయన కూడా ఒంటరివారే, భార్య పోయి చాలాకాలమైంది, ఒక మోకాలు వంగదు, ఒక కన్ను ఆపరేషను సరిగ్గా కుదరక మసకబారింది. ఒకసారి మా నౌపడ రండి మాస్టారూ అని నేను ఎన్నిసార్లు రాశానో ఆ నకళ్ళు లెక్క చెబుతాయి. ప్రతిసారీ, ఈ కాలితో ఎక్కడికి వస్తాను లెండి, మీరు చూసి రాస్తే నేను చూసినట్టే అని జవాబు.

ఒక కార్డులో మాత్రం ఆయన తన మనసులోని కోరిక ఒకటి బయటపెట్టారు. ఈ తీరంలో దిగే ఉల్లంకులన్నిటినీ తాను చూశారట, ఒక్కటి తప్ప. దాని పేరు స్పూన్‌బిల్డ్ శాండ్‌పైపరు, ఆయన చెంచాముక్కు అనేవారు. స్టింటంతే ఉంటుంది, స్టింట్లలోనే కలిసి తిరుగుతుంది, ముక్కు చివర మాత్రం చిన్న చెంచాలా వెడల్పుగా ఉంటుంది. అది మిగతావాటిలా పొడుచుకు తినదనీ, తల వంచి ముక్కును పలచటి నీళ్ళలో ఇటూ అటూ తిప్పుతూ ఊడ్చినట్టు తింటుందనీ రాసి, అది కనబడిందని ఎవరైనా అంటే మాత్రం కుంటుకుంటూనైనా బయల్దేరతాను అని ముగించారు. ఆ చివరి వాక్యం నాలో ఎక్కడో నాటుకుంది.

ఆ తరవాతి ఫిబ్రవరిలో, రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో, మడుల్లో ఉప్పు దిగడం మొదలైన రోజుల్లో, ఒక పొద్దున్న స్టింట్ల గుంపులో ఒకదాని ముక్కు చివర వెడల్పుగా కనిపించింది. ఒంటికన్ను దుర్భిణీలో ఐదు నిమిషాలు చూశాను, అటు తిరిగినా ఇటు తిరిగినా చెంచాయే. గుంపు లేచిపోయింది. నేను ఆఫీసుకు పరిగెత్తి, ఫైళ్ళు పక్కకు తోసి, చూసింది చూసినట్టు మాస్టారుకు పేజీన్నర రాశాను. ఆ తొందరలో కూడా కార్బను పెట్టడం మరిచిపోలేదు. గురువారం జవాబు వచ్చింది, మూడే ముక్కలు: ఆదివారం ప్యాసింజరులో వస్తున్నాను, స్టేషనుకు రండి, దుర్భిణీ తుడిచి పెట్టండి.

ఆ సాయంత్రం నేను గది ఊడ్చి కడిగాను. పక్కింటి వాళ్ళ నవారు మంచం అడిగి తెచ్చాను, రెండో కంచం, రెండో గ్లాసు కొన్నాను. గదిలో ఇంకో మనిషి పడుకుంటాడనుకుంటేనే నాకు ఏదో పండగలా ఉంది, ఆ మాట దాచుకోవడం ఎందుకు.

శుక్రవారం పొద్దున్న గట్టు మీద మళ్ళీ దాన్ని చూశాను, ఈసారి ఇరవై అడుగుల దూరంలో. నా పక్కన అప్ప ఉంది. అప్ప అంటే మా వైపు పెద్దక్క. ఆవిడ ముప్పై ఏళ్ళుగా మడుల్లో పారతో ఉప్పు లాగే మనిషి, నాకే కాదు మడుల్లో అందరికీ అప్పే. ఏ మడిలో ఏ పిట్ట దిగిందో చూసి నీళ్ళు ఎండకి ఇగిరి ఎంత ముదిరాయో చెప్పేసేది. ఆ గర్వం కొద్దీ దుర్భిణీ ఆవిడ చేతికిచ్చి, ఆ పిట్ట ముక్కు చూడు అప్పా, ఈ దేశంలో చూసినవాళ్ళు బహు తక్కువ అన్నాను. ఆవిడ దుర్భిణీ తీసుకోలేదు. చెయ్యి కళ్ళకు అడ్డం పెట్టుకుని చూసి, ‘ముక్కేటి బాబూ, అది ఉప్పు,’ అంది. ‘ముదిరిన నీల్లలో ముంచీసింది, గడ్డ కట్టీసినాది. మా కాల్లకి కట్టదేటి? రెండు దినాలు పోతే అదే ఊడిపోద్ది.’

అని తన కాలు చూపించింది, చీలమండ చుట్టూ తెల్లటి పెచ్చు కట్టి ఉంది. నేను మళ్ళీ చూశాను. ఉప్పే. ఎండలో ఒక పక్క పలుకులు మెరుస్తున్నాయి కూడా. ఉప్పు ఆఫీసులో పనిచేస్తూ, పొద్దున్న లేస్తే ఉప్పు మధ్య తిరుగుతూ, ఉప్పును ఉప్పని పోల్చుకోలేకపోయాను. అప్పకు ఇందులో వింతేమీ లేదు, ప్రతి ఏడాదీ ఏవో రెండు పిట్టలకు అలా కడుతుందట, పార భుజాన వేసుకుని వెళ్ళిపోయింది.

ఇక చెయ్యవలసిన పని ఒక్కటే, మాస్టారుకు కబురు చెయ్యడం. ఆయన ఇంట్లో ఫోను లేదు, కార్డు అంచున పక్కింటి వారి పి.పి. నంబరు రాసి ఉండేది. ఆఫీసు అయ్యాక స్టేషను ఎదుట ఎస్టీడీ బూతుకు వెళ్ళి నంబరు కలిపాను. ఎవరో ఇల్లాలు తీసి, ఉండండి, పిలుస్తాను, ఊరికి వెళ్తున్నానని పొద్దుట్నించీ ఒకటే హడావుడి పడుతున్నారు అంది. ఫోను పక్కన పెట్టిన చప్పుడు, చెప్పుల చప్పుడు, గుమ్మంలోంచి మాస్టారూ అని కేక, అన్నీ వినిపించాయి. ఆ కేకకు జవాబుగా ఎవరో దగ్గుతూ కర్ర నేలకు ఆనించిన చప్పుడు కూడా విన్నాను. అద్దాల తలుపులోంచి నాకు నా గది కనబడుతోంది, కిటికీలో ఆరబెట్టిన దుప్పటి కనబడుతోంది. నేను ఫోను పెట్టేశాను.

అంతకు ముందూ ఆ తరవాతా చిన్నా పెద్దా తప్పులు చాలా చేశాను, కానీ చేస్తున్నానని తెలిసి, ఎందుకు చేస్తున్నానో కూడా తెలిసి చేసిన తప్పు అదొక్కటే. లేని పిట్టను ఎరగా వేసి ఒక ముసలి మనిషిని రెండు రోజుల తోడు కోసం రప్పించుకున్నాను. ఉప్పు తిన్నవాడు నీళ్ళు తాగక తప్పదంటారు, ఆ నీళ్ళు ఎలా ఉంటాయో తరవాత తెలిసింది.

ఆదివారం ప్యాసింజరు గంటన్నర ఆలస్యంగా వచ్చింది. సన్నగా, పొడుగ్గా, గొడుగు చంకలో పెట్టుకుని, కుడికాలు ఈడుస్తూ దిగారు. గట్ల మీద నడవలేరేమోనని భయపడ్డాను, చేతికర్ర గుచ్చుకుంటూ నాకంటే ముందు నడిచారు. దుర్భిణీలో బూజు పట్టిన గొట్టం సంగతి చెబితే, నాకూ ఒక కన్నే కదా, ఇద్దరికీ కలిపి సరిపోతుంది అన్నారు. ఒక ఉప్పు తట్ట బోర్లించి వేస్తే దాని మీద కూర్చున్నారు. ఎదుట మడిలో మూడు వందలకు తక్కువ కాకుండా స్టింట్లు. ఆయన ఒక కొసనుంచి మొదలుపెట్టి ఒక్కొక్క పిట్టనే చూస్తూ రెండో కొసకు వచ్చారు, నీరు కారుతున్న కన్ను తుడుచుకుని మళ్ళీ మొదటికి వెళ్ళారు. రెండు గంటలు అలా చూశారు. ఆ రెండు గంటలూ నేను ముళ్ళమీద కూర్చున్నాను. ఏ మడిలో చూశారు, ఎంత దూరంలో చూశారు అని ఆయన అడుగుతారని, అడిగితే ఏం చెప్పాలా అని అబద్ధాలు కూర్చుకుంటూ ఉన్నాను, కానీ ఆయన ఒక్కసారి కూడా అడగలేదు. పెద్దమనిషి, నన్ను ఇరుకున పెట్టడం ఇష్టం లేక ఊరుకున్నారనుకుని బతుకుజీవుడా అనుకున్నాను.

మధ్యమధ్య తల తిప్పి పాఠం చెప్పేవారు. ఎగిరిన రెడ్‌షాంకు రెక్క అంచున తెల్లని పట్టీ చూడమనేవారు. దూరాన ఒంటరిగా నిలబడ్డ పిట్టను చూపించి పేరు చెప్పమనేవారు, నేను చెబితే ఎందుకలా అనుకున్నారు అనేవారు, చెప్పలేకపోతే తొందరేమీ లేదు, అది తిరిగేదాకా ఆగుదాం అనేవారు. కార్డుల్లో అంతా చదివినవే, అయినా పక్కన ఒక మనిషి కూర్చుని, అదిగో అని మోచేత్తో పొడిచి చూపించడం వేరు. మూడేళ్ళుగా నేను చూసిన పిట్టలన్నీ ఆ రోజే నిజంగా చూశాననిపించింది.

సోమవారం సెలవు పెట్టాను. పదింటి వేళ అప్ప మావైపే వస్తూ కనిపించింది. దొంగకు తేలు కుట్టినట్టయింది నాకు. ఆవిడ మా ఎదుట నిలబడి, తట్ట మీద కూర్చున్న ముసలాయన్ను, నన్ను, మళ్ళీ ఆయన్ను చూసి, ‘ఏటి సూత్తన్నారు బాబూ, ఈ ఎండలో?’ అంది. మాస్టారు దుర్భిణీ దించకుండానే, ఏది కనబడితే అది చూస్తున్నాం తల్లీ అన్నారు. అప్ప నా ముఖంలో ఏం చదువుకుందో ఏమో, ఉప్పు మాట ఎత్తకుండా వెనక్కి తిరిగింది. గట్టు కింద తుమ్మనీడలో పెట్టుకున్న ముంత తెచ్చి ఆయనకు పులిసిన గంజి తరవాణి పోసింది. ఆయన దోసిలి పట్టి తాగారు, తాగి ఇంకాస్త పొయ్యమన్నారు.

రెండు రాత్రులూ మాస్టారు నా గదిలోనే పడుకున్నారు. ఉప్పు ఆఫీసు గుమాస్తా వండిన చేపల పులుసులో ఉప్పు లేదని నవ్వి, నవ్వుతూనే రెండోసారి వేయించుకున్నారు. మా ఆవిడ సంగతి అడిగారు. ఆవిడ పోయాక ఎవరూ అడగని మాటలు అడిగారు, ఆవిడ ఎలా నవ్వేది, దేనికి కోప్పడేది అని. నేను కార్బను కథ చెబితే చాలాసేపు నవ్వి, మరి నాకు రాసిన వాటికీ ఉన్నాయా నకళ్ళు అన్నారు. ఉన్నాయన్నాను. ఎప్పుడైనా ఖాళీగా ఉన్నప్పుడు తీసి చదువుకోండి అన్నారు. అప్పుడు ఆ మాట నేను పట్టించుకోలేదు.

మంగళవారం పొద్దున్న ప్లాట్‌ఫాం మీద బెంచీ పైన కూర్చున్నాం. చెంచాముక్కు కనబడలేదు, ఆయన ముఖంలో ఆ వెలితి కూడా కనబడలేదు, అదే నన్ను ఇంకా కోసింది. చెప్పేద్దామని మూడుసార్లు నోరు తెరిచాను. మాస్టారూ, ఒక మాట, అన్నాను కూడా. అంతలో గంట కొట్టారు. ఆయన లేచి కర్ర సర్దుకుని, నా భుజం మీద చెయ్యి వేసి, ‘ఈసారి పిట్ట లేకపోయినా రాయండి. వస్తాను,’ అన్నారు. బండి వచ్చింది, ఎక్కించాను, వెళ్ళిపోయారు. మర్యాదకు అన్న మాట అనుకున్నాను నేను.

ఆ తరవాత జరిగింది చెప్పడానికే నాకు కష్టం. నేను ఉత్తరాలు రాయడం తగ్గించాను. కాగితం ముందు పెట్టుకుంటే, నీరు కారే కన్నుతో ఒక్కొక్క పిట్టనే వెతుకుతున్న ఆ మనిషి కనబడేవారు. ఆయన కార్డులు వచ్చేవి, నేను ఆఫీసు ఉత్తరంలా రెండు ముక్కలు రాసి, క్షేమం, పని ఒత్తిడి అని ముగించేవాణ్ణి. మరుసటి చలికాలం మొదట్లో ఒక కార్డు వచ్చింది, ‘ఉల్లంకులు వచ్చాయా?’ అని ఒక్క వాక్యం. చెంచాముక్కు గురించే ఆరా తీస్తున్నారని భయపడి దానికి జవాబు రాయలేదు. కార్డులు ఆగిపోయాయి. ఆ వేసవికి నన్ను ఇచ్ఛాపురం బదిలీ చేశారు, దుర్భిణీ బీరువా పైకి ఎక్కింది. నాలుగేళ్ళ తరవాత ఒక రోజు, ఇక ఉండబట్టలేక, ఉప్పు సంగతి, ఎస్టీడీ బూతు సంగతి అంతా విప్పి ఎనిమిది పేజీలు రాసి క్షమించమని అడిగాను. ఆ కవరు పన్నెండు రోజులకు వెనక్కి వచ్చింది. దాని మీద పోస్టుమాన్ ఎర్రసిరాతో ‘విలాసదారు మరణించినారు’ అని రాశాడు.

ఇదీ నేను ఇన్నాళ్ళూ మోసిన కథ. ఒక మంచి మనిషిని మోసం చేశాను, ఆ సంగతి తెలియకుండానే ఆయన పోయారు, అని.

మొన్న రేకుపెట్టెలోంచి తీసి నేల మీద కూర్చుని చదివింది, చెంచాముక్కు కనబడిందని ఆ ఫిబ్రవరిలో నేను రాసిన ఉత్తరం నకలు. రాశాక మళ్ళీ ఎన్నడూ దాని జోలికి పోలేదు, సిగ్గువల్ల. మొదటి పేజీ మధ్యలో, నా గుండ్రటి అక్షరాలతో, ఇలా ఉంది: ‘తక్కిన స్టింట్లలాగే ఇది కూడా కోడిపిల్ల గింజలేరినట్టు చకచకా పొడుచుకుంటూ పరుగులు పెడుతున్నది.’

చెంచాముక్కు పొడుచుకు తినదు, ఊడ్చి తింటుంది. అది నాకు చెప్పిందే ఆయన. ముక్కు చూడకండి, ముక్కుతో ఏం చేస్తోందో చూడండి అని మూడేళ్ళు చెప్పిన మనిషి ఆ వాక్యం దగ్గర ఆగకుండా చదివి ఉంటారా? ఉత్తరం అందిన నిమిషానే ఆయనకు తెలుసు, అది స్టింటేనని. తెలిసే టిక్కెట్టు కొనుక్కున్నారు. తెలిసే, మూడు వందల స్టింట్లను రెండు గంటలు చూశారు, ఎందుకంటే స్టింట్లను చూడడానికీ, పక్కన ఒక మనిషి కూర్చుని ఉండడానికీ ఆయన వచ్చారు. ఏ మడిలో అని అడగకపోవడం, ఏది కనబడితే అది అని అప్పతో అనడం, నకళ్ళు చదువుకోమనడం, అన్నీ ఇప్పుడు ఒక్కొక్కటే తిరిగి నిలబడుతున్నాయి. చల్లకొచ్చి ముంత దాచినవాళ్ళం ఇద్దరమూ. ఆయన ప్లాట్‌ఫాం మీద ఆ ముంత బయటపెట్టారు కూడా, నాకే కనబడలేదు. ఉల్లంకులు వచ్చాయా అని అడిగింది పిట్టల గురించి కాదు. తనను రమ్మని పిలవమని నన్ను అడిగారు. నేను జవాబు రాయలేదు.

మోసం చేశానని ఇరవై ఏళ్ళు బాధపడ్డాను. నిజానికి ఆ మోసం ఆయన్ను తాకనే లేదు. ఆయన్ను బాధపెట్టింది ఆ తరవాత నేను దాచుకున్న ముఖం. పసుపుకాలినీ నల్లకాలినీ బురదలో పోల్చుకోవడం నేర్చుకున్నాను కానీ, నాలాగే ఒంటరిగా ఉన్న మనిషిని పక్కన కూర్చోబెట్టుకుని కూడా పోల్చుకోలేకపోయాను.

నిన్న బస్సులో నౌపడ దాకా వెళ్ళి వచ్చాను. చిన్న బండి పట్టాలు ఎప్పుడో పెద్దవయ్యాయి. ఎస్టీడీ బూతు ఉన్నచోట సెల్‌ఫోన్ల కొట్టు ఉంది. అప్ప పోయిందట. గట్టు మీద ఇద్దరు కుర్రాళ్ళు చేతిపొడుగు కెమెరాలతో నిలబడి, తీసిన బొమ్మను ఫోనుకు చూపిస్తున్నారు, ఫోను ఆ పిట్ట పేరు చెబుతోంది. మంచిదే, మూడు చలికాలాల పని మూడు క్షణాల్లో అయిపోతోంది, ఎవరికీ ఉత్తరం రాయవలసిన అవసరం లేదు. నేను కాసేపు కూర్చున్నాను. స్టింట్లు ఉన్నాయి, మామూలువే, ఏ ముక్కుకీ ఉప్పు కట్టలేదు. ఇంటికి వచ్చి పోస్టుకార్డు ఒకటి తీసి, కార్బను పెట్టకుండా, విశాఖపట్నం చిరునామా జ్ఞాపకం మీదే రాసి, కింద ఇలా రాశాను: మాస్టారూ, ఈసారి పిట్ట ఏమీ లేదు, రండి.